విప్పి బిగించిన ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టర్ స్టార్ట్ కాకపోతే ఏ వరుసలో చూడాలి

విప్పకముందు నడిచిన ఇంజిన్ బిగించాక మొరాయిస్తోందంటే, తప్పు దాదాపు ఎప్పుడూ మనం చెయ్యి పెట్టిన చోటే ఉంటుంది. అందుకే కొత్త కాయిల్, కొత్త కార్బురేటర్ ఆర్డర్ పెట్టేముందు ఒక కాగితం తీసుకుని ఏమేం విప్పారో రాయండి. హెడ్డు, మానిఫోల్డ్, డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ను వంతులవారీగా ప్లగ్గులకు పంచేది), ట్యాంకు, సెల్ఫ్ మోటారు, వైరింగ్, చివరికి వేసిన పెయింటు కూడా రాయాలి. వెతకాల్సినదంతా ఆ కాగితం మీదే ఉంటుంది.

ఇక్కడ చెప్పేది 1947 నుంచి 1952 వరకు అమెరికాలో తయారైన ఫోర్డ్ 8ఎన్ గురించి. 5 లక్షలకు పైగా తయారైన బండి కాబట్టి అక్కడ పొలాల్లో, షెడ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. నాలుగైదు ఎకరాలు కొనుక్కున్న మనవాళ్లు గడ్డి కోయడానికి ముందు బేరమాడేది కూడా తరచుగా ఇదే. అక్కడ గ్యాస్ ట్రాక్టర్ అంటే పెట్రోలు ట్రాక్టర్. మనకు ఊళ్లో తెలిసిన ట్రాక్టర్ డీజిల్‌ది. అది స్టార్ట్ కాకపోతే మొదట డీజిల్ లైనులో ఎయిర్ తీస్తాం. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు, మొదట చూడాల్సింది కరెంటు. అంబాసిడర్, పాత జీపు, పాయింట్లు (కాయిల్ కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చు) ఉన్న బుల్లెట్ విప్పిన చెయ్యి అయితే సగం పని తెలిసినట్టే.

ఒక నియమం మాత్రం గట్టిగా పట్టుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చాక పరీక్షించండి. పాయింట్లు, కండెన్సర్, కాయిల్, ప్లగ్గులు అన్నీ ఒకేరోజు మార్చేస్తే పాత తప్పు అలాగే ఉండి, దాని మీద కొత్త తప్పు కూడా చేరవచ్చు. ఆ తర్వాత ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడం చాలా కష్టం.

చెయ్యి పెట్టే ముందు

గేరు న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు వేయండి. 8ఎన్‌లో స్టార్టర్ బటన్ గేరు రాడ్డు మొదట్లో ఉంటుంది. గేరు న్యూట్రల్‌లో లేకపోతే అది పనిచేయదు. ఆ ఏర్పాటును దాటవేసి, కింద నిలబడి స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ దగ్గర షార్ట్ చేసి తిప్పకండి. గేరులో ఉంటే ట్రాక్టర్ మీ మీదికే వస్తుంది, వెనక చక్రం కింద పడి ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు. మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉంచుకోండి. స్పార్క్ పరీక్ష చేసేటప్పుడు పెట్రోలు కారుతూ ఉండకూడదు, మూత తీసిన డబ్బా దగ్గర్లో ఉండకూడదు.

కావలసిన సామాను పెద్దగా ఏమీ లేదు: మల్టీమీటర్, ఫీలర్ గేజ్, కంప్రెషన్ గేజ్, వైర్ బ్రష్, ఎమరీ కాగితం, ఒక గాజు సీసా.

సెల్ఫ్ ఎంత చురుగ్గా తిప్పుతోంది

ఇది 6 వోల్టుల బండి. పైగా ప్లస్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి, మైనస్ వైరు సెల్ఫ్ వైపుకు వెళ్లాలి. మనకు అలవాటైన బండ్లలో మైనస్ ఎర్త్ కాబట్టి బిగించేటప్పుడు చేతులు వాటంతట అవే తిరగేసి పెట్టేస్తాయి. తిరగేసినా సెల్ఫ్ అదే వైపు తిరుగుతుంది కాబట్టి తప్పు బయటపడదు. కానీ కాయిల్‌కు కరెంటు తలకిందులై స్పార్క్ బలహీనపడుతుంది, అమ్మీటరు ముల్లు వెనక్కి చూపిస్తుంది. ముందు దీన్ని సరిచూసుకోండి. పాత యజమాని 12 వోల్టులకు మార్చి ఉంటే సాధారణంగా మైనస్ ఎర్త్ చేసి ఉంటారు. అది వేరే లెక్క, బ్యాటరీ, ఆల్టర్నేటర్ చూస్తే తెలిసిపోతుంది.

పూర్తిగా చార్జ్ అయిన 6 వోల్టుల బ్యాటరీ కదలకుండా ఉన్నప్పుడు 6.3 చూపించాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 5 దగ్గర నిలబడాలి. 4కు పడిపోతుంటే ఇంజిన్ తిరిగినట్టే కనిపిస్తుంది గాని కాయిల్‌కు స్పార్క్ పుట్టించే శక్తి మిగలదు. దీనికి స్పష్టమైన గుర్తు ఒకటుంది. బటన్ నొక్కినంతసేపు ఏమీ జరగదు, వదిలిన క్షణంలో ఒక్కసారి ఫట్‌మని అందుకోబోయినట్టు చేస్తుంది. అలా జరిగితే కార్బురేటర్ జోలికి వెళ్లకండి, లోపం బ్యాటరీలోనో వైర్లలోనో ఉంది.

కారు షాపులో దొరికే 12 వోల్టుల బ్యాటరీ వైర్లు దీనికి సరిపోవు. వోల్టేజి సగమైతే అదే పనికి కరెంటు రెట్టింపు కావాలి, కాబట్టి వైరు లావుగా ఉండాలి. 0 లేదా 00 గేజ్ వైరు వేయండి. మల్టీమీటర్‌ను డీసీలో పెట్టి, వైరు ఒక చివర ఒక ముల్లు, రెండో చివర ఇంకో ముల్లు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టు కంటే బాగా ఎక్కువ చూపిస్తే ఆ వైరులోనో, దాని చివర్ల బిగింపులోనో కరెంటు పోతోంది.

ఇక పెయింటు సంగతి. కొత్తగా బాగుచేసి పెయింటు వేసిన ట్రాక్టర్లలో ఇదే ముఖ్యమైన దొంగ. ఎర్త్ వైరు బిగించే చోట, సెల్ఫ్ మోటారు ఇంజిన్‌కు ఆనే అంచు మీద, డిస్ట్రిబ్యూటర్ బాడీ కూర్చునే ముఖం మీద నిగనిగలాడే పెయింటు ఉంటే కరెంటుకు అది గోడే. ఆ మూడు చోట్లా ఇనుము తెల్లగా కనిపించేదాకా గీకండి. బోల్టు మరల ద్వారా కొంత కరెంటు వెళుతుంది కాబట్టి టెస్ట్ బల్బు వెలుగుతుంది, వందలాది ఆంపియర్లు కావాల్సిన సెల్ఫ్ మాత్రం మూలుగుతుంది. బల్బును నమ్మి ఎర్త్ బాగుందనుకోకండి.

కొత్త రింగులు, కొత్త బేరింగులు వేసిన ఇంజిన్ మొదట బిగుతుగానే ఉంటుంది. ప్లగ్గులు నాలుగూ తీసేసి, 10 సెకన్ల చొప్పున, మధ్యమధ్య సెల్ఫ్‌కు విశ్రాంతినిస్తూ, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా తిప్పండి. ప్లగ్గులు లేకపోతే కంప్రెషన్ ఉండదు, బేరింగులకు నూనె చేరాక స్టార్ట్ చేసినట్టవుతుంది. ప్లగ్గులు పెట్టాక సెల్ఫ్ కొట్టేటప్పుడు క్లచ్ తొక్కి పట్టుకోండి. న్యూట్రల్‌లో ఉన్నా క్లచ్ వదిలేస్తే ఇంజిన్‌తో పాటు గేరు పెట్టెలో షాఫ్టు కూడా చిక్కటి నూనెలో తిరుగుతుంది. చలికాలపు ఉదయం 6 వోల్టుల సెల్ఫ్‌కు ఆ బరువు చిన్నదేమీ కాదు.

స్పార్క్

ఒక ప్లగ్గు వైరు ఊడదీసి, దాని లోపలి ఇనుప చివరను ఇంజిన్ బాడీకి పావు అంగుళం దూరంలో, పెయింటు లేని చోట పట్టించండి. చేత్తో కాకుండా చెక్క క్లిప్పుతో పట్టించండి. తాళం తిప్పి సెల్ఫ్ కొడితే నీలంగా, చిటపటమని శబ్దం చేస్తూ స్పార్క్ దూకాలి. పసుపుగా, సన్నగా, నిశ్శబ్దంగా వస్తే చాలదు. ప్లగ్గును బయట పెట్టి చూస్తే స్పార్క్ కనిపిస్తుంది, కానీ ప్లగ్గు గ్యాపు 25 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మాత్రమే. బయటి గాలిలో ఆ కాస్త దూరం బలహీనమైన కరెంటు కూడా దూకుతుంది. సిలిండర్లో ఒత్తిడి కింద ఆరిపోతుంది. అందుకే పావు అంగుళం పరీక్ష.

స్పార్క్ లేదా? డాష్ మీదున్న అమ్మీటరు చూడండి. తాళం ఆన్ చేసి ఇంజిన్ మెల్లగా తిప్పిస్తుంటే ముల్లు మైనస్ వైపు కాస్త జరిగి, మళ్లీ సున్నాకు వచ్చి, మళ్లీ జరగాలి. పాయింట్లు మూసుకున్నప్పుడు కరెంటు పోతోంది, తెరుచుకున్నప్పుడు ఆగుతోంది అని అర్థం. ముల్లు కదలకుండా సున్నా దగ్గరే ఉంటే కరెంటు వెళ్లడం లేదు. మైనస్ వైపే నిలిచిపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా లోపల ఎక్కడో బాడీకి తగులుతోంది. ఏ మీటరూ పెట్టకుండా సీట్లో కూర్చునే ఇంత తెలుసుకోవచ్చు.

తర్వాత మీ బండిలో ఏ డిస్ట్రిబ్యూటర్ ఉందో చూసుకోండి. నంబరు 263844కు ముందు ఇంజిన్లలో అది ఇంజిన్ ముందు భాగంలో, ఫ్యాను కింద, క్యామ్‌షాఫ్ట్ ముక్కుకే తగిలి ఉంటుంది, కాయిల్ దాని నెత్తి మీదే కూర్చుంటుంది. ఆ నంబరు నుంచి డిస్ట్రిబ్యూటర్ పక్కకు వచ్చి నిలువుగా ఉంటుంది, కాయిల్ వేరుగా గుండ్రంగా ఉంటుంది. నంబరు ఆయిల్ ఫిల్టర్ పక్కన బ్లాకు మీద కొట్టి ఉంటుంది. అయితే 70 ఏళ్లలో ఎన్నో ఇంజిన్లు మారాయి, కాబట్టి నంబరు కంటే కంటికి కనిపించేదాన్ని నమ్మండి. పాయింట్ల గ్యాపు రెండింటికీ ఒకటి కాదు. ముందుదానికి 15 థౌ, అంటే 0.015 అంగుళం. పక్కదానికి 25 థౌ. బుల్లెట్ పాయింట్లు పెట్టిన చేతికి 15 అలవాటు కాబట్టి పక్క డిస్ట్రిబ్యూటర్‌కు కూడా అదే పెట్టేయడం సులువుగా జరిగిపోయే తప్పు.

గ్యాపు చూసేటప్పుడు పాయింట్ల దిమ్మె క్యామ్ మొన మీద సరిగ్గా ఎక్కి ఉండాలి. నాలుగు మొనల మీదా చూడండి. ఒకచోట 15, ఇంకోచోట 10 వస్తే షాఫ్టు బుష్షులు అరిగిపోయాయి. అప్పుడు గ్యాపు ఎంత ఓపిగ్గా పెట్టినా నిలవదు, బుష్షులు మార్చాల్సిందే.

కొత్త పాయింట్ల ముఖాలకు తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన పల్చటి పొర ఉంటుంది. ఫీలర్ గేజ్ మీది నూనె కూడా అంటుకుంటుంది. 6 వోల్టుల కరెంటు ఆ పొరను దాటలేదు. శుభ్రమైన తెల్ల కాగితం ముక్కను బ్రేక్ క్లీనర్‌లో తడిపి, పాయింట్ల మధ్య పెట్టి, మూసి, లాగండి. మరక రాని దాకా మూడు నాలుగుసార్లు లాగండి. అన్నీ కొత్తవి వేశాను, స్పార్క్ మాత్రం లేదు అనేవాళ్లలో చాలామందికి ఈ కాగితం ముక్కతోనే పని అయిపోతుంది.

ముందు డిస్ట్రిబ్యూటర్ విషయంలో ఇంకో మూడు చూడాలి. ఒకటి, కాయిల్ అడుగున వేలాడే సన్నటి స్ప్రింగు. అది డిస్ట్రిబ్యూటర్ పైన ఉన్న మొనకు ఆనాలి. కాయిల్ బిగించేటప్పుడు మడత పడిపోతే పాయింట్లకు కరెంటే రాదు. కాస్త సాగదీసి, నిటారుగా పెట్టి, కాయిల్‌ను నేరుగా కిందికి దించండి. రెండు, లోపలి రాగి పట్టీ, దాని కింది ఫైబర్ ముక్కలు. ఒక్క ఫైబర్ వాషరు మరిచిపోయినా, పట్టీ పక్కకు ఒరిగి ప్లేటుకు తగిలినా పాయింట్లు తెరుచుకున్నా తెరుచుకోనట్టే. కండెన్సర్ వైరు కూడా అలాగే అంచుకు రాసుకుంటుంది. మూడు, రోటర్, అంటే క్యాపు లోపల తిరుగుతూ ఒక్కో ప్లగ్గు వైరుకు స్పార్క్ అందించే ముక్క. టేబుల్ మీద పాయింట్లు పెట్టి, క్యాపు మూసి, రోటర్‌ను మాత్రం టేబుల్ మీదే వదిలేయడం ఎంత జాగ్రత్తపరులకైనా జరుగుతుంది.

ఇప్పుడు మీటరుతో చూడండి. ముందు డిస్ట్రిబ్యూటర్ బండిలో, కాయిల్ నెత్తి మీది స్క్రూకూ బాడీకీ మధ్య, తాళం ఆన్‌లో కొలవండి. పాయింట్లు తెరిచి ఉంటే బ్యాటరీ వోల్టేజి దాదాపు మొత్తం రావాలి. మూసి ఉంటే సుమారు సగం రావాలి, మిగతాది డాష్ వెనకున్న రెసిస్టర్ తీసుకుంటుంది. ఇంజిన్‌ను కొద్దికొద్దిగా తిప్పినా ఎప్పుడూ పూర్తి వోల్టేజే వస్తుంటే పాయింట్లు ముట్టుకోవడం లేదు, పొర ఉండొచ్చు, స్ప్రింగు మడత పడి ఉండొచ్చు. ఎప్పుడూ సగమే వస్తుంటే ఎక్కడో బాడీకి తగులుతోంది. అసలేమీ రాకపోతే తాళం, రెసిస్టర్, వాటి మధ్య వైరు చూడండి. పక్క డిస్ట్రిబ్యూటర్ బండిలో కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే మర దగ్గర కొలవండి. పాయింట్లు తెరిచి ఉంటే బ్యాటరీ వోల్టేజి, మూసి ఉంటే దాదాపు సున్నా రావాలి. మూసి ఉన్నా అర వోల్టు, ఒక వోల్టు మిగులుతోందంటే పాయింట్ల ముఖం మురికిగా ఉంది లేదా లోపలి ప్లేటుకు ఎర్త్ సరిగ్గా లేదు. గుండ్రటి కాయిల్ మీద గుర్తులుంటాయి, ప్లస్ ఎర్త్ బండిలో ప్లస్ గుర్తున్న మర డిస్ట్రిబ్యూటర్ వైపుకు వెళ్లాలి.

డిస్ట్రిబ్యూటర్ తిరిగి బిగించడం, వైర్ల వరుస

స్పార్క్ బలంగా ఉంది, పెట్రోలు వాసనా వస్తోంది, అయినా అందుకోవడం లేదంటే స్పార్క్ వేళకు రావడం లేదు.

ముందు డిస్ట్రిబ్యూటర్ వెనక ఒక నాలుక ఉంటుంది. అది క్యామ్‌షాఫ్ట్ ముక్కులోని గాడిలో కూర్చుంటుంది. ఆ గాడి సరిగ్గా మధ్యలో ఉండదు, కాస్త ఒక పక్కకు జరిపి కోశారు, తలకిందులుగా పెట్టకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. నాలుకను గాడితో సరిచూసి, చేత్తో నొక్కుతూ షాఫ్టును అటూ ఇటూ కొంచెం కదిపితే డిస్ట్రిబ్యూటర్ బ్లాకుకు పూర్తిగా ఆనుకుని కూర్చోవాలి. సందు మిగిలి ఉంటే నాలుక గాడిలో పడలేదు. ఆ సందును బోల్టులతో లాగి మూయకండి. డిస్ట్రిబ్యూటర్ బాడీ చెవి విరుగుతుంది, లేదా నాలుక వంకరపోతుంది. ఈ డిస్ట్రిబ్యూటర్ టైమింగ్ దింపి, టేబుల్ మీదే సరిచేస్తారు, కాబట్టి గ్యాపు, టైమింగ్ సరిగ్గా పెట్టాకే బండికి ఎక్కించండి.

పక్క డిస్ట్రిబ్యూటర్‌కు గేరు ఉంటుంది. అది ఏ పన్నులోనైనా దిగిపోతుంది, తప్పు చేయడానికి బాగా అవకాశం ఇస్తుంది. ఫ్యాను దగ్గరున్నది 1వ సిలిండర్. దాని ప్లగ్గు తీసి, రంధ్రం మీద వేలు పెట్టి ఇంజిన్ మెల్లగా తిప్పండి. గాలి వేలిని బయటికి తోస్తుంటే అది కంప్రెషన్ స్ట్రోక్. పిస్టను పైకి రావడం మాత్రమే చూసి ఆగకండి, ఎందుకంటే ఎగ్జాస్ట్ స్ట్రోక్‌లో కూడా అది పైకే వస్తుంది. ఆ తేడా గమనించకపోతే డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా సగం చుట్టు తప్పుగా కూర్చుంటుంది. కంప్రెషన్ మీద పిస్టను పైకి చేరినప్పుడు రోటర్ చూపించే క్యాపు గడి 1వ వైరుది కావాలి. ఆ తర్వాత రోటర్ ఏ వైపు తిరుగుతుందో సెల్ఫ్ కొట్టించి కళ్లతో చూడండి, ఆ వైపే వరుసగా మిగతావి పెట్టండి.

సిలిండర్లు మండే వరుస 1-2-4-3. ఇక్కడ మన మెకానిక్ అలవాటు మోసం చేస్తుంది. అంబాసిడర్, జీపుల్లో 1-3-4-2. కళ్లు మూసుకుని పెట్టినా చేతికి అదే వస్తుంది. 8ఎన్‌లో అలా పెడితే 1, 4 సరైన చోట పడతాయి, 2, 3 తారుమారవుతాయి. రెండు సిలిండర్లు కాలడానికి సిద్ధంగా ఉంటాయి, మిగతా రెండూ తప్పు వేళకు మండి కార్బురేటర్లోంచి తుమ్ముతాయి, లేదా సైలెన్సర్లో పేలుతాయి. స్టార్ట్ అవుతున్నట్టే ఉండి కాదు. ఈ లక్షణం కనిపిస్తే ముందు వైర్లు లెక్కపెట్టండి. ఒక్కో వైరుకు రంగు టేపు చుట్టి నంబరు రాసుకుంటే మళ్లీ తప్పదు.

పెట్రోలు

ట్యాంకులో ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న, కార్బురేటర్ గిన్నెలోకి చాలినంత వస్తోందా అన్నది ప్రశ్న. కార్బురేటర్ గిన్నె అడుగున ఒక చిన్న బోల్టు ఉంటుంది. కింద గాజు సీసా పెట్టి దాన్ని తీయండి. మొదట గిన్నెలోది బుడబుడా వస్తుంది, తర్వాత కూడా ఆగకుండా కారుతూనే ఉండాలి. రెండు నిమిషాల్లో అర లీటరు దాకా రావాలి. మొదట బాగా వచ్చి చుక్కలుగా మారితే మార్గంలో అడ్డం ఉంది. ఈ అడ్డంతో కొన్ని బండ్లు అందుకుని, గిన్నె ఖాళీ అయ్యే అర నిమిషం నడిచి ఆగిపోతాయి, కాసేపాగితే మళ్లీ అందుకుంటాయి. సీసాలో పడిన పెట్రోలును కదపకుండా ఉంచి చూడండి. అడుగున బుడగలా నిలిచేది నీరు, గోధుమ రంగు పొడి తుప్పు.

ట్యాంకు కింది కుళాయి రెండు చుట్లు తెరిస్తే మామూలు పెట్రోలు వస్తుంది, పూర్తిగా తెరిస్తే రిజర్వు. ట్యాంకులో కొద్దిగానే పోసి పరీక్షిస్తుంటే పూర్తిగా తెరవండి. జల్లెడలు మూడు చోట్ల ఉంటాయి: కుళాయి నుంచి ట్యాంకు లోపలికి నిలబడే గొట్టం మీద, గాజు గిన్నె పైన, కార్బురేటర్‌కు పైపు చేరే చోట మోచేయిలా వంగిన ఇత్తడి ముక్కలో. మూడోదాన్ని చాలామంది ఎరగరు. పాత ట్యాంకును కడిగి బిగించినప్పుడు కదిలిన తుప్పంతా వచ్చి అక్కడే ఆగుతుంది. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పెయింటుతో మూసుకుపోయినా ధార ఆగిపోతుంది, మూత వదులు చేసి చూస్తే తెలుస్తుంది.

పెట్రోలు బాగా వస్తున్నా ప్లగ్గులు ఎండిపోయి ఉంటే ఒక పరీక్ష ఉంది. ఒక్కో ప్లగ్గు రంధ్రంలో అర చెంచా తాజా పెట్రోలు పోసి, ప్లగ్గులు బిగించి, వైర్లు పెట్టి, కారినది తుడిచి సెల్ఫ్ కొట్టండి. రెండు మూడు సెకన్లు నడిచి ఆగితే స్పార్క్, టైమింగ్ బాగున్నాయి, కార్బురేటర్ విప్పాల్సిందే. ఈథర్ స్ప్రే మాత్రం కొత్త రింగుల ఇంజిన్‌కు వద్దు. అది విపరీతంగా మండుతుంది, సిలిండరు గోడల మీది నూనెను కడిగేస్తుంది.

కార్బురేటర్ రెండు ముక్కల మధ్య గ్యాస్కెట్ తిరగేసి పెడితే లోపలి దారులు మూసుకుపోతాయి. ఫ్లోటును పై ముక్కతో తలకిందులుగా పట్టుకుని, గ్యాస్కెట్‌కూ ఫ్లోటుకూ మధ్య పావు అంగుళం ఉందేమో చూడండి. మెయిన్ జెట్ స్క్రూ మెల్లగా ఆనేదాకా మూసి ఒకటి నుంచి ఒకటిన్నర చుట్టు తెరవండి. ఐడిల్ స్క్రూ ఒక చుట్టు తెరవండి. బలంగా మూస్తే సూది మొన పాడవుతుంది.

ఇంజిన్ వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ రాడ్డు కూడా ఇక్కడే చూడాలి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు థ్రాటిల్ లివర్ పూర్తిగా కిందికి లాగితే కార్బురేటర్ రెక్క పూర్తిగా తెరుచుకోవాలి. తప్పు రంధ్రంలో తగిలిస్తే రెక్క మూసే ఉంటుంది. ఎయిర్ క్లీనర్ పైపు, మానిఫోల్డ్ లోపల చెయ్యి పెట్టి తడమండి. దుమ్ము పడకుండా దూర్చిన గుడ్డ ముక్క అక్కడే ఉండిపోయి ఉండొచ్చు. ఏళ్లుగా నిలబెట్టిన బండి అయితే సైలెన్సర్లో ఎలుక గూడు కూడా ఉంటుంది. బయటికి పోయే దారి లేకపోతే లోపలికి వచ్చే దారీ లేనట్టే.

స్టార్ట్ చేసే పద్ధతి కూడా చెప్పాలి. చల్లగా ఉన్నప్పుడు ఈ ఇంజిన్‌కు చోక్ పూర్తిగా కావాలి. థ్రాటిల్ మూడో వంతు దించి, తాళం తిప్పి, క్లచ్ తొక్కి, చోక్ లాగి, బటన్ నొక్కి రెండు మూడు చుట్లు తిరగనిచ్చి చోక్ వదిలేయాలి. పట్టుకునే ఉంటే ప్లగ్గులు తడిసిపోతాయి. తడిస్తే తీసి ఆరబెట్టండి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, చోక్ లేకుండా కొట్టండి.

కంప్రెషన్

స్పార్క్, టైమింగ్, పెట్రోలు మూడూ సరిగ్గా ఉన్నాయని తేలాకే ఇక్కడికి రావాలి. ప్లగ్గులు నాలుగూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి గేజ్ పెట్టండి. మంచి 8ఎన్ చదరపు అంగుళానికి 90 పౌండ్ల దగ్గర చూపిస్తుంది. అంకె కంటే నాలుగూ దగ్గరదగ్గరగా ఉండటం ముఖ్యం.

పక్కపక్కనున్న రెండు సిలిండర్లు మాత్రమే బాగా తక్కువ చూపిస్తే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కారుతోంది. ఒక్కటే సున్నా దగ్గర ఉంటే వాల్వు తెరిచే ఉండిపోయింది. ఈ ఇంజిన్‌లో వాల్వులు హెడ్‌లో కాకుండా బ్లాకులో, సిలిండర్ పక్కనే ఉంటాయి. అసలు ట్యాపెట్లకు సర్దుబాటు స్క్రూ ఉండదు. వాల్వును, సీటును గ్రైండ్ చేసిన కొద్దీ వాల్వు కిందికి దిగి ట్యాపెట్‌కు దగ్గరవుతుంది, గ్యాపు కోసం వాల్వు కాడ చివరను కొలుస్తూ అరగదీయాలి. అది మరిచిపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్లెట్‌కు 10 నుంచి 12 థౌ, ఎగ్జాస్ట్‌కు 14 నుంచి 16 థౌ ఉండాలి.

నాలుగూ ఒకే రకంగా తక్కువగా ఉంటే, ఇంజిన్ చురుగ్గానే తిరుగుతుంటే, టైమింగ్ గేర్లు ఒక పన్ను తప్పాయేమో అనుమానించాలి. ముందు కవరు విప్పకుండా చూసే ఉపాయం ఉంది. పక్కనున్న వాల్వు మూత తీసి 4వ సిలిండర్ వాల్వులు చూస్తూ ఇంజిన్ మెల్లగా తిప్పండి. దాని ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్లెట్ తెరుచుకోవడం మొదలయ్యే క్షణంలో 1వ పిస్టను కంప్రెషన్ మీద పై చివర దగ్గర ఉండాలి. బాగా ముందో వెనకో ఉంటే కవరు తీసి రెండు గేర్ల మీది గుర్తులు ఎదురెదురుగా కలపక తప్పదు.

అందుకున్నాక

మొదటి 10, 15 సెకన్లలో ఆయిల్ ప్రెషర్ ముల్లు లేవకపోతే వెంటనే ఆపేయండి. లేస్తే మధ్యస్థ వేగంలో నడవనిచ్చి కార్బురేటర్ అడుగు, హెడ్ అంచు, రేడియేటర్ పైపులు చూడండి. అమ్మీటరు ప్లస్ వైపు జరగాలి. ఇంజిన్ వేడెక్కి మళ్లీ చల్లారాక హెడ్ బోల్టులు మాన్యువల్ వరుసలో మరోసారి బిగించండి. కొత్త పాయింట్ల ఫైబర్ దిమ్మె మొదటి కొన్ని గంటల్లో అరిగి గ్యాపు తగ్గిపోతుంది, కాబట్టి పది గంటలు నడిచాక ఫీలర్ గేజ్‌తో మళ్లీ చూడండి. క్యామ్ మీద చిటికెడు గ్రీజు రాస్తే ఆ అరుగుదల నెమ్మదిస్తుంది. ఎక్కువ రాస్తే అది ఎగిరి పాయింట్ల మీద పడి, మళ్లీ స్పార్క్ పోతుంది.